పియానో సాధనకు క్రెడిట్లు ఇవ్వాలా? గత శతాబ్దపు అమెరికన్ మహిళా కళాశాలల్లో చదువుకీ కళకీ మధ్య సాగిన లెక్కల పంచాయితీ

ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో 2023–24 నుంచి మూడు సబ్జెక్టుల గ్రూపులు పోయి ఒకే మేజర్, దాని పక్కన ఒక మైనర్ వచ్చాయి. క్రెడిట్, మేజర్, ఎలెక్టివ్ అనే మాటలు ఇప్పుడు ఇంటర్ పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ వినిపిస్తున్నాయి. వాటితో పాటే సందేహాలూ వచ్చాయి. ఫిజిక్స్ మేజర్‌గా తీసుకున్న అమ్మాయి సంగీతం కూడా చదవచ్చా? చదివితే అది మార్కుల జాబితాలో చేరుతుందా, లేక సాయంత్రం సరదాగా మిగిలిపోతుందా? కూతుర్ని అమెరికాలోని స్మిత్, వెల్‌స్లీ లాంటి మహిళా కళాశాలలకు పంపాలనుకునే కుటుంబాలకు ఈ చిక్కు ఇంకాస్త ఎక్కువ. అక్కడి కేటలాగులో, అంటే కోర్సుల జాబితాలో, రసాయనశాస్త్రం, నృత్యం ఒకే వరుసలో కనిపిస్తాయి.

ఈ క్రెడిట్లు, మేజర్ల పద్ధతి పుట్టింది అమెరికాలోనే. 1930 నుంచి 1960 దాకా అక్కడి మహిళా కళాశాలల్లో దీని మీద గట్టి వాదనలు నడిచాయి. ఏ విషయానికి విభాగం హోదా ఇవ్వాలి, ఏది మరో విభాగం నీడన బతకాలి, ఏది లెక్కలోకే రాకూడదు అన్నవి ఆ వాదనల్లోనే తేలాయి. ఈ వ్యాసంలో కళలు అంటే చరిత్ర, పాలిటిక్స్ ఉండే మన ఆర్ట్స్ గ్రూపు కాదు. సంగీతం, చిత్రలేఖనం, శిల్పం, నాటకం, నృత్యం.

అక్కడ విభాగం చేతిలో ఏముంటుంది

మన అనుభవంలో డిపార్ట్‌మెంట్ అంటే స్టాఫ్ రూమ్, హెచ్‌ఓడీ, టైమ్‌టేబుల్. మద్రాసు విమెన్స్ క్రిస్టియన్ కాలేజీ 1915లో మొదలైంది. 1920 నుంచి అది అమెరికాలోని మౌంట్ హోల్యోక్‌కు సోదరి కళాశాల. పేరుకు అక్కాచెల్లెళ్లే అయినా రెండింటి విభాగాలకూ పోలిక లేదు. మద్రాసులో సిలబస్, ప్రశ్నపత్రం, మూల్యాంకనం అన్నీ విశ్వవిద్యాలయానివి. కాలేజీ విభాగం పని పాఠం చెప్పడం. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వచ్చాక కోస్తా జిల్లాల్లో మారింది విశ్వవిద్యాలయం పేరే, పద్ధతి కాదు.

మౌంట్ హోల్యోక్‌లో ఏ కోర్సు పెట్టాలో, దానికి ముందు ఏం చదివి ఉండాలో, పరీక్ష ఎలా ఉండాలో, కొత్త అధ్యాపకులుగా ఎవరిని తీసుకోవాలో విభాగమే ప్రతిపాదిస్తుంది. అధ్యాపకుల సభ ఓటు వేసి ఆమోదిస్తుంది. అంటే విభాగానికి మూడు వనరులున్నట్టు: కేటలాగులో చోటు, శాశ్వత ఉద్యోగాలు, ఏటా బడ్జెట్. ఒక విషయం మరో విభాగం కింద ఉంటే ఈ మూడింటికీ ఆ విభాగం పెద్దల్ని అడగాల్సిందే. నాటకం ఇంగ్లిష్ విభాగం కింద, నృత్యం వ్యాయామ విభాగం కింద ఉండటం వట్టి కాగితం ఏర్పాటు కాదు. వేదిక దీపాలకు డబ్బు ఎవరు ఇస్తారు, నృత్యానికి చెక్క నేల ఎవరు వేయిస్తారు అన్నది కూడా దాన్నిబట్టే ఉండేది.

120 క్రెడిట్లలో సంగీతానికి చోటు వెతికితే

కొన్ని కళాశాలలు క్రెడిట్లు లెక్కపెట్టేవి, కొన్ని కోర్సుల సంఖ్య లెక్కపెట్టేవి. క్రెడిట్ల పద్ధతిలో సాధారణ సూత్రం ఇది: వారానికి ఒక గంట తరగతి, దానికి రెండు గంటల సొంత చదువు కలిపితే ఒక క్రెడిట్. ల్యాబ్ అయితే దాదాపు మూడు గంటలకు ఒక క్రెడిట్. సెమిస్టర్‌కు 15 చొప్పున ఎనిమిది సెమిస్టర్లకు 120 క్రెడిట్లు. 15 క్రెడిట్లంటే వారానికి 45 గంటల పని.

1950లో చేరిన ఒక విద్యార్థినిని ఊహించుకుందాం. కింది అంకెలు ఏ ఒక్క కళాశాల నియమాలూ కావు, ఆ కాలపు కేటలాగుల తీరులో వేసుకున్న నమూనా. అందరికీ తప్పనిసరి అయినవి: ఇంగ్లిష్ రచన 6, విదేశీ భాష 12, ల్యాబ్ ఉన్న సైన్సు 8, చరిత్ర–సామాజిక శాస్త్రాలు 12, సాహిత్యం–తత్వం–కళలు 12. మొత్తం 50. మేజర్‌కు 36. ఇక మిగిలేవి 34. వ్యాయామం తప్పనిసరే కానీ దానికి క్రెడిట్ సున్నా.

ఈమెకు పియానో ఇష్టం. వారానికి అరగంట పాఠం, ఆరు రోజులు రోజుకో గంట సాధన, మొత్తం ఆరున్నర గంటలు. పై సూత్రం ప్రకారం అది రెండు క్రెడిట్ల శ్రమ. నాలుగేళ్లు సాగితే 16 క్రెడిట్లు. చాలాచోట్ల వాయించినందుకు క్రెడిట్ కావాలంటే పక్కనే స్వరరచన సిద్ధాంతం చదవాలన్న షరతు ఉండేది. దానికి 12 వేసుకుంటే మొత్తం 28 అవుతుంది.

మేజర్ చరిత్ర అయితే మిగిలిన 34లో ఈ 28 హాయిగా ఇముడుతుంది. రసాయనశాస్త్రం అయితే ఇమడదు, ఎందుకంటే ఆ విభాగం తన 36తో పాటు గణితం 8, భౌతికశాస్త్రం 8 అడుగుతుంది. అప్పుడు మిగిలేవి 18 మాత్రమే. తప్పనిసరి సైన్సును మేజర్‌లోనే కలిపి లెక్కిస్తే 26, అప్పటికీ రెండు తక్కువే. అంకెలు ఎలాగో సర్దినా గడియారం ఒప్పుకోదు. ల్యాబులు మధ్యాహ్నం, స్టూడియో తరగతులూ మధ్యాహ్నమే, రిహార్సళ్లు సాయంత్రం. ల్యాబులో ప్రయోగం ఆలస్యమైతే బృందగానంలో ఆమె గొంతు తగ్గినట్టే.

పియానోకు క్రెడిట్లు ఇవ్వని కళాశాలలో ఆ ఆరున్నర గంటలు 45 మీద అదనంగా పడతాయి. పియానో మానేయడం నేరుగా నిషేధించిన దానికంటే ఇలా మెల్లగా జరిగేది. వ్యతిరేకించేవాళ్ల వాదననూ తోసిపుచ్చలేం. 16 క్రెడిట్లంటే ఒక సెమిస్టర్ కంటే ఎక్కువ. పట్టాలో ఎనిమిదో వంతును వేళ్ల సాధనకు ఇస్తే ఆ పట్టాను ఇతరులు ఎలా చూస్తారన్నది వాళ్ల భయం.

ఆ భయం ఎక్కడిది

19వ శతాబ్దపు అమెరికన్ ఆడపిల్లల బడుల్లో పియానో, నీటిరంగులు, ఫ్రెంచ్ ముచ్చట్లు అలంకార విద్యలు. వాటికి విడిగా రుసుం కట్టేవారు. పెళ్లికి ముందు నేర్పించే పాటలాంటివన్నమాట, మన పాత ఇళ్లలో హార్మోనియం నేర్పించినట్టు. వాసర్ 1865లో, స్మిత్, వెల్‌స్లీ 1875లో, బ్రిన్ మార్ 1885లో తలుపులు తెరిచినప్పుడు వాటి ముందున్న సవాలు ఒకటే: ఇది అలాంటి బడి కాదు, మగవాళ్ల కళాశాలలకు సమానమైన చదువు అని నిరూపించుకోవడం. అందుకే గ్రీకు, లాటిన్, గణితం ముందు వరుసలోకి వచ్చాయి. స్మిత్, వెల్‌స్లీ, వాసర్ సంగీతాన్నీ చిత్రలేఖనాన్నీ మొదట్లో పక్కన విడి పాఠశాలలుగా పెట్టి, డిగ్రీ చదువును అంటకుండా చూశాయి. తర్వాత వాటిని విభాగాలుగా లోపలికి తెచ్చుకున్నా, వాయించడం, గీయడం పట్ల అనుమానం చాలాకాలం పోలేదు.

శాస్త్రాలకు ఈ తిప్పలు లేవు. వాసర్ ప్రాంగణంలో ముందుగా పూర్తయిన కట్టడం నక్షత్రశాల. 1847లో తోకచుక్కను కనుగొన్న మరియా మిచెల్ అక్కడ ఖగోళశాస్త్రం చెప్పారు. మౌంట్ హోల్యోక్‌లో ఎమ్మా పెర్రీ కార్ 1913 నుంచి 1946 దాకా రసాయనశాస్త్ర విభాగాన్ని నడిపారు. అధ్యాపకులు, ఎంఏ విద్యార్థినులు, డిగ్రీ అమ్మాయిలు కలిసి ఒకే సమస్య మీద పనిచేయడం ఆమె పద్ధతి. వాళ్లు తీసుకున్న సమస్య హైడ్రోకార్బన్లు అతినీలలోహిత కాంతిని గ్రహించే తీరు. పీహెచ్‌డీ విద్యార్థులు లేని చిన్న కళాశాల పరిశోధన చేయాలంటే ఇంతకంటే తెలివైన దారి లేదు. అమెరికన్ రసాయన సంఘం మహిళలకిచ్చే గార్వన్ పతకాన్ని మొదట అందుకున్నది ఆమే, 1937లో. నాజీలు ఉద్యోగం తీసేసిన గణితశాస్త్రవేత్త ఎమ్మీ నోతర్ 1933లో వచ్చి చేరిందీ ఒక మహిళా కళాశాలలోనే, బ్రిన్ మార్‌లో.

బొమ్మను చదవడం ఒకటి, గీయడం ఇంకొకటి

కళలను గౌరవంగా లోపలికి తెచ్చే తొలి దారి చరిత్ర. చిత్రకళా చరిత్రకు పుస్తకాలుంటాయి, పరీక్ష పెట్టవచ్చు, లాటిన్ పక్కన కూర్చోబెట్టవచ్చు. 1897లో వెల్‌స్లీకి వచ్చిన ఆలిస్ వాన్ వెక్టెన్ బ్రౌన్ దీనికి ఒక మెలిక కలిపారు. చరిత్ర చదివే అమ్మాయి తనే కుంచె పట్టి ఆయా కాలాల పద్ధతిలో చిన్న నమూనాలు చేయాలి. దానికి ప్రయోగశాల పద్ధతి అని పేరు పెట్టారు. చిత్రకారిణిని తయారు చేయడం ఉద్దేశం కాదు, రంగు ఎలా కూర్చుంటుందో తెలిసిన కన్ను తయారు చేయడం. ల్యాబ్ అనే పేరు పెట్టడంలో లౌక్యమూ ఉందనిపిస్తుంది. సైన్సు వాళ్లు దాన్ని కాదనలేరు కదా.

అదే విభాగంలో 1927లో ఆల్‌ఫ్రెడ్ బార్ ఆధునిక కళ మీద కోర్సు చెప్పారు. అమెరికా కళాశాలల్లో ఆ విషయం మీద వచ్చిన తొలి కోర్సుగా దాన్ని చెబుతారు. రెండేళ్ల తర్వాత ఆయన న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌కు తొలి డైరెక్టరయ్యారు.

ఈ విభాగం ఆస్తి పుస్తకాల కంటే స్లైడ్లు. మూడుంపావు అంగుళాలకు నాలుగు అంగుళాల గాజు పలకలు, రెండు ప్రొజెక్టర్లు, పక్కపక్కనే రెండు బొమ్మలు. పోల్చి చూపడమే బోధన. ఒక పలక పగిలితే ఆ పాఠంలో ఒక పోలిక పోయినట్టే. శతాబ్దం మధ్యలో 35 మిల్లీమీటర్ల రంగు స్లైడ్లు వచ్చాయి. అవి తేలిక, చవక, కానీ కొన్నేళ్లకు రంగు మారిపోయేవి. పైగా వేలాది గాజు పలకల జాబితాను మళ్లీ కొత్తగా రాయాల్సి వచ్చింది.

సంగీతం ఎందుకు ఖరీదు

సంగీత విభాగం చరిత్ర, సిద్ధాంతం చెప్పినంతసేపూ ఎవరికీ అభ్యంతరం లేదు. స్మిత్ ఈ దారిలో చాలా దూరం వెళ్లింది. వెర్నర్ జోస్టెన్ ఆధ్వర్యంలో మాంటెవెర్దీ ఒపేరా పొప్పేయాను 1926లో, హాండెల్ జూలియస్ సీజర్‌ను 1927లో అమెరికాలో మొదటిసారిగా రంగస్థలానికి ఎక్కించింది పెద్ద నగరపు ఒపేరా కాదు, నార్తాంప్టన్ అనే చిన్న ఊళ్లోని ఈ ఆడపిల్లల కళాశాల. మోత్సార్ట్ పండితుడు ఆల్‌ఫ్రెడ్ ఐన్‌స్టీన్ 1939 నుంచి 1950 దాకా అక్కడే పాఠాలు చెప్పారు. పడమటి తీరంలోని మిల్స్ కళాశాలకు 1940లో ఫ్రెంచ్ స్వరకర్త దారియుస్ మియో వచ్చారు. యూరప్‌లో యుద్ధం, హింస తరిమిన పండితులకు ఈ కళాశాలలు ఉద్యోగాలిచ్చాయి. అందువల్ల లాభపడ్డది విభాగాలే.

వాయిద్యం నేర్పడం దగ్గరికి వచ్చేసరికి గొడవ డబ్బుది. చరిత్ర అధ్యాపకురాలు వారానికి తొమ్మిది గంటల్లో మూడు తరగతులు, తరగతికి 25 మంది చొప్పున 75 మందికి చెబుతారు. పియానో గురువు ఇరవై గంటలు కూర్చున్నా, ఒక్కొక్కరికి అరగంట చొప్పున 40 మందికి మించదు. ఇంకా సాధన గదులు కావాలి, గోడలు దాటి శబ్దం పోకూడదు, పియానోలు ఏటా శ్రుతి చేయించాలి. అందుకే చాలా కళాశాలలు పాఠాలకు విడి రుసుం వసూలు చేసేవి. పాత అలంకార విద్యల పద్ధతే వెనక దారిన మళ్లీ వచ్చిందని కొందరు అన్నారు. లెక్కలు చూసేవాళ్లకు మాత్రం వేరే మార్గం తోచలేదు.

మగ గొంతులు లేకపోవడం మరో ఇబ్బంది. నాలుగు గొంతులకు రాసిన పెద్ద కృతులు పాడాలంటే దగ్గర్లోని మగవాళ్ల కళాశాల బృందాన్ని పిలవాలి. లేదంటే మూడు స్త్రీ గొంతులకు రాసినవో, అలా మార్చి రాసినవో పాడుకోవాలి. రెండు కళాశాలల పరీక్షల తేదీలు కలవకపోతే కచేరీ వాయిదా.

నాటకం ఇంగ్లిష్‌లో, నృత్యం వ్యాయామంలో

నాటకాన్ని పుస్తకంగా చదివినంతకాలం అది ఇంగ్లిష్. వేదిక ఎక్కించగానే అది ఏ విభాగానిదన్న ప్రశ్న వస్తుంది. హార్వర్డ్ ఆచార్యుడు జార్జ్ పియర్స్ బేకర్ నాటక రచన తరగతి మొదట నడిపింది పక్కనున్న రాడ్‌క్లిఫ్ మహిళా కళాశాల అమ్మాయిలకే. హార్వర్డ్ ఆయనకు రంగస్థలం కట్టివ్వలేదు, 1925లో ఆయన యేల్‌కు వెళ్లిపోయారు. ఆయన దగ్గర చదివిన హాలీ ఫ్లానగన్ అదే ఏడాది వాసర్‌లో ప్రయోగాత్మక నాటకశాల మొదలుపెట్టారు. ఆ అనుభవంతోనే 1935లో, ఆర్థిక మాంద్యం రోజుల్లో, ప్రభుత్వం నిరుద్యోగ కళాకారుల కోసం పెట్టిన ఫెడరల్ థియేటర్ ప్రాజెక్టుకు సారథి అయ్యారు. 1942లో స్మిత్‌కు డీన్‌గా వచ్చారు. ఇంత జరిగినా, చాలా కళాశాలల్లో నాటకానికి ఇంగ్లిష్ విభాగంలో ఒకటో రెండో కోర్సులే ఉండేవి. మిగతాదంతా విద్యార్థినుల సంఘం ఖాళీ వేళల్లో చేసుకునేదే.

నృత్యం ఇంకో మెట్టు కింద. ఒళ్లు కదిలేది కాబట్టి అది వ్యాయామం. జిమ్ నేల మీద, బాస్కెట్‌బాల్ ఆట అయ్యాక, క్రెడిట్ లేని తప్పనిసరి గంటల్లో సాగేది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మార్గరెట్ హడబ్లర్ 1926లో తొలిసారి నృత్యంలో మేజర్ తెచ్చినప్పుడు అదీ వ్యాయామ విభాగంలోనే. అయితే ఈ నీడకు ఒక మేలూ ఉంది. వ్యాయామం అందరికీ తప్పనిసరి కాబట్టి నృత్యానికి విద్యార్థినుల కొరత ఎప్పుడూ రాలేదు, అధ్యాపకురాలి జీతానికి ఢోకా ఉండేది కాదు. విడి విభాగం కావాలన్నవాళ్లు ఈ భద్రతను వదులుకోవాల్సి వచ్చింది.

బెన్నింగ్టన్: విభాగాలే వద్దన్న చోటు

వెర్మాంట్ కొండల్లో 1932లో మొదలైన బెన్నింగ్టన్ కళాశాల లెక్కను తిరగేసింది. చదువును నాలుగు రంగాలుగా విడదీసింది: సాహిత్యం, కళలు, సామాజిక అధ్యయనాలు, ప్రకృతి శాస్త్రాలు. తప్పనిసరి కోర్సుల జాబితా లేదు. ప్రతి విద్యార్థినికీ ఒక సలహాదారు. మొదటి రెండేళ్లు వెతుక్కోవడం, ఆ తర్వాత తన ప్రణాళిక రాసి ఒప్పించుకుని పై తరగతుల్లోకి వెళ్లడం. గ్రేడ్లకు బదులు అధ్యాపకుల రాతపూర్వక అభిప్రాయం. చలికాలంలో ప్రాంగణం మూసి, అమ్మాయిల్ని బయట ఉద్యోగాలకు పంపేవారు. న్యూయార్క్ శివార్లలోని సారా లారెన్స్ కూడా ఇంచుమించు ఇదే బాటలో నడిచింది.

ఇక్కడ కళ చేయడమే చదువు. నృత్య అధ్యాపకురాలు మార్తా హిల్ నృత్యాన్ని జిమ్ నుంచి బయటికి తెచ్చి శిల్పం, సంగీతం పక్కన నిలబెట్టారు. 1934లో మొదలైన వేసవి నృత్య పాఠశాలకు మార్తా గ్రాహమ్, డోరిస్ హంఫ్రీ, చార్లెస్ వైడ్‌మన్, హన్యా హోమ్ వచ్చి నేర్పారు. అక్కడ నేర్చుకున్న వ్యాయామ అధ్యాపికలు తమ ఊళ్లకు తిరిగి వెళ్లి అవే పాఠాలు చెప్పారు. ఆధునిక నృత్యం అమెరికా అంతటా పాకిన దారి అదే. చిత్రలేఖనంలో పాల్ ఫీలీ దగ్గర చదివిన హెలెన్ ఫ్రాంకెన్‌థేలర్ 1949లో పట్టా తీసుకుంది. మూడేళ్లకే ఆమె పలుచని రంగును కాన్వాసులో ఇంకనిచ్చే పద్ధతితో కొత్త దారి వేసింది.

చిక్కులు లేకపోలేదు. గ్రేడ్లు లేని విద్యార్థినిని మెడికల్ స్కూలు ఎలా తూచాలి? పేజీలకు పేజీలు అభిప్రాయాలు చదివే ఓపిక అడ్మిషన్ల కార్యాలయాలకు ఉండదు. మెట్లు మెట్లుగా సాగాల్సిన గణితం, రసాయనశాస్త్రం లాంటివి ఇష్టం వచ్చిన క్రమంలో చదివితే నిలవవు. కొద్దిమంది అధ్యాపకుల మీద ఆధారపడ్డ రంగంలో ఒకరు వెళ్లిపోతే ఆ చదువు రూపమే మారిపోతుంది. నాటకానికి మగ నటులు లేక, కొందరు యువకులను ప్రత్యేక విద్యార్థులుగా తీసుకోవాల్సి వచ్చింది.

ఇంకో సంగతి ఈ పాత కేటలాగులు తిరగేస్తే కంటపడుతుంది. శాస్త్ర విభాగాలను తరచు మహిళలు నడిపారు. కళల్లో బార్, జోస్టెన్, మియో, ఫీలీ లాంటి మగవాళ్లు పేరుకెక్కారు. నృత్యం దీనికి పెద్ద మినహాయింపు. వ్యాయామం నీడన ఉన్న విషయం కాబట్టి దాన్ని ఆడవాళ్లకే వదిలేశారు. దాన్ని కళగా నిలబెట్టిందీ ఎక్కువగా ఆడవాళ్లే.

వంటింటికి విభాగం కావాలా

క్రెడిట్ల గొడవ పక్కనే మరో వాదం నడిచింది. ఆడవాళ్ల చదువు మగవాళ్ల చదువులాగే ఉండాలా, వాళ్ల జీవితానికి తగ్గట్టు వేరుగా ఉండాలా? 1920ల్లో వాసర్ అధ్యక్షుడు మెక్‌క్రాకెన్ మద్దతుతో యూథెనిక్స్ వచ్చింది. ఇల్లు, పిల్లలు, ఆహారం, పరిసరాలు మెరుగుపరచడాన్ని శాస్త్రీయంగా చదవడం దాని ఉద్దేశం. 1929లో దానికి సొంత భవనమూ వచ్చింది. వెనకడుగు వేస్తున్నామని అధ్యాపకుల్లో చాలామంది వ్యతిరేకించారు. సమర్థించినవాళ్లు మాత్రం శిశు మనస్తత్వం, పోషకాహారం, ఆర్థికశాస్త్రాన్ని ఒకే చోటికి తేవడం తక్కువ పని కాదన్నారు.

1950లో మిల్స్ అధ్యక్షుడు లిన్ వైట్ ఈ వాదనను పుస్తకంగా రాశారు. ఉన్నత విద్య మగవాళ్ల కొలతలకు కుట్టినదని, ఆడవాళ్ల పనులను అది చిన్నచూపు చూస్తుందని ఆయన ఫిర్యాదు. మంచి వంట కూడా విశ్వవిద్యాలయపు శ్రద్ధకు అర్హమేనన్నారు. అందరూ ఎగతాళి చేసింది ఆ ఒక్క మాటనే కానీ, చేతి పనినీ కళనూ తక్కువ జ్ఞానంగా ఎందుకు చూస్తున్నామన్నది ఆయన అసలు ప్రశ్న. బెన్నింగ్టన్ వేసిన ప్రశ్నా ఇంచుమించు అదే. తేడా ఒకటే. బెన్నింగ్టన్ ఎవరికి ఏది తగునో వాళ్లనే ఎంచుకోమంది, వైట్ మాత్రం స్త్రీలు కాబట్టి వాళ్ల చదువు వేరుగా ఉండాలన్నారు. బార్నార్డ్ మహిళా కళాశాల సామాజికశాస్త్రవేత్త మిర్రా కొమరోవ్‌స్కీ 1953లో ఇచ్చిన జవాబు ఈ తేడా మీదే నిలబడింది. స్త్రీ పురుషుల మనసులు వేరన్న ఆధారంతో పాఠ్యక్రమం కట్టడం తప్పని, పెళ్లి, ఉద్యోగం మధ్య నలిగే అమ్మాయిల సమస్య సమాజం పెట్టినదని ఆమె చూపించారు. రెండేళ్ల తర్వాత స్మిత్ స్నాతకోత్సవంలో రాజకీయ నాయకుడు అడ్లై స్టీవెన్‌సన్ పట్టా తీసుకున్న అమ్మాయిలతో, మీ ముఖ్యమైన పని ఇల్లాలిగానే అన్నారు. ఆ రోజు పట్టాలు అందుకున్నవాళ్లలో కవయిత్రి సిల్వియా ప్లాత్ ఒకరు.

ఆ విభాగాలు తర్వాత

వాసర్, బెన్నింగ్టన్, కనెక్టికట్ కళాశాల 1969లో, సారా లారెన్స్ 1968లో మగపిల్లలకు తలుపులు తెరిచాయి. మగ నటులు, మగ గొంతుల కొరత అలా తీరింది. స్మిత్, వెల్‌స్లీ, మౌంట్ హోల్యోక్, బ్రిన్ మార్, బార్నార్డ్ డిగ్రీ స్థాయిలో మహిళా కళాశాలలుగానే కొనసాగుతున్నాయి. మిల్స్ 2022లో నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయంలో కలిసిపోయింది. బెన్నింగ్టన్ వేసవి పాఠశాల యుద్ధకాలంలో ఆగిపోయాక, 1948లో మార్తా హిల్ చొరవతో కనెక్టికట్ కళాశాలలో అమెరికన్ డాన్స్ ఫెస్టివల్‌గా మళ్లీ మొదలైంది. 1978లో అది నార్త్ కరోలినాలోని డ్యూక్ విశ్వవిద్యాలయానికి మారింది.